లేదన్నది ఎవరు?

దుప్పటి మడతపెట్టే దగ్గర అక్కచేత మాట పడని మనిషి ఆ ఇంట్లో లేడు. బావ పెళ్ళయిన కొత్తల్లోనే చేతులెత్తేశాడు. ఇక మిగిలింది చెల్లెలు. ప్రతి మంగళవారం ఆమె ఆఫీసు నుంచి నేరుగా అక్క ఇంటికి వస్తుంది గనక, ఆ వారం ఉతికిన పెద్ద దుప్పట్లన్నీ ఆమె కోసమే కుర్చీల వీపుల మీద ఎదురుచూస్తూ ఉంటాయి.

"మూలలు చూసుకోవే, మూలలు! దుప్పటా అది, మూటా?" అంది అక్క.

"చూసుకునే పట్టుకున్నాను."

"పట్టుకున్నావులే. ఆఫీసులో కూడా ఇలాగే చేస్తావా పని?"

ఇద్దరూ గదికి ఆ చివరా ఈ చివరా నిలబడి దుప్పటిని లాగి బిగించి, ఒక్క విదిలింపు విదిలించి, ఒకరివైపొకరు నడిచారు. దగ్గరికొచ్చాక చెల్లెలి వేళ్ళలోంచి రెండు మూలలూ అక్క తీసుకోవాలి. చిన్నప్పటి నుంచీ వాళ్ళ పద్ధతి అదే. ఈసారి అక్క ఎడమచేత్తో తీసుకుంది. కుడిచేతికి అరచేయి నుంచి మణికట్టు దాకా ఇంకా కట్టు ఉంది.

ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్లను వేడి రోలర్ల కింద పెట్టి ఇవతలికి లాగే పని అక్కది. ఆ రోలరుకే చెయ్యి కాలింది. అక్కడికక్కడే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, కాలిన చెయ్యి చూపించి, కొన్నాళ్ళు రాలేను సార్ అని చెప్పింది. ఆయన సరే సరే వెళ్ళు అన్నాడు. చెయ్యి కాస్త నెమ్మదించాక వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. చెప్పాపెట్టకుండా మానేసింది కాబట్టి ఉద్యోగం తనే వదులుకున్నట్టట. పక్కనే నిలబడ్డ సూపర్‌వైజరు నేలచూపులు చూశాడు. ఉద్యోగం పోయిందని చెప్పేటప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉండేది. ఆ నేలచూపుల దగ్గరికి వచ్చేసరికి మాట మార్చేసేది.

"శుక్రవారం ట్రిబ్యునల్‌కి నేనూ వస్తాను. ఆఫీసులో సెలవు అడిగాను," అంది చెల్లెలు. కార్మిక ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవడానికి శుక్రవారంతో గడువు ముగిసిపోతుంది.

అక్క ఇంకో దుప్పటి అందుకుంది. "అక్కర్లేదులే. వెళ్ళడం లేదు."

"అదేమిటి?"

"లాండ్రీ కంపెనీవాళ్ళు పంపిన కాగితం మీద సంతకం పెట్టేస్తాను. నా అంతట నేనే మానేశానని ఒప్పుకుంటే, పనిమంతురాలినని ఒక ముక్క రాసిస్తారట. అది పట్టుకుని ఇంకో లాండ్రీలో చేరొచ్చు. శుక్రవారం పొద్దున వాళ్ళ మనిషి వస్తానన్నాడు."

"నువ్వు మానలేదు కదక్కా!"

"మానలేదు. నాకు తెలుసు, నీకు తెలుసు, మీ బావకి తెలుసు. చట్టానికి తెలియొద్దూ?" అంది అక్క. "గ్రంథాలయం పక్కన న్యాయ సహాయ కేంద్రం ఉంది చూడు, అక్కడికి వెళ్ళాను. కంప్యూటరు తెర ముందు కూర్చోబెట్టారు. నోటితో చెప్పిన సెలవు చెల్లుతుందా అని అడిగాను. చాలాసేపు వెతికిందే పాపం. ఆఖరికి ఏమందో తెలుసా? 'మీ పరిస్థితికి సంబంధించిన తీర్పులు ఏవీ లేవని తెలియజేయడానికి చింతిస్తున్నాము.' ఎంత మర్యాదగా చెప్పిందనుకున్నావు! ఆ సూపర్‌వైజరు కన్నా వెయ్యిరెట్లు నయం."

చెల్లెలి చేతిలోంచి దుప్పటి మూల జారిపోయింది.

"అదిగో, మళ్ళీ!" అంటూ అక్కే వంగి తీసింది. "అక్కడి కౌంటరు ఆవిడతో చెప్పాను కూడా, ఇది మా చెల్లెలి ఆఫీసువాళ్ళు చేసిందే అని. అందుకే ఇంకెవర్నీ అడగలేదు. నువ్వు చేసింది నాకు అబద్ధం ఎందుకు చెబుతుంది?"

"నన్నే అడగొచ్చు కదక్కా?"

"నిన్నడిగితే నా మొహం చూసి, నాకు నచ్చేదే చెబుతావు. దానికి మొహాలతో పనిలేదు కదా."

అప్పుడే బావ మెట్లెక్కి వచ్చాడు. కింద తాళాల కొట్టు ఆయనది. చేతికంటిన నూనె గుడ్డకు తుడుచుకుంటూ, "ఏం మరదలా, ఈ వారం ఎన్ని మూలలు తప్పావు?" అన్నాడు. మామూలుగా అయితే ఆమె ఆయనకు తగిన జవాబు అప్పజెప్పేది. ఆవేళ సంచి అందుకుంది. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగి, "శుక్రవారం నేను వచ్చేదాకా సంతకం పెట్టకక్కా," అంది.

"ఎందుకే?"

"ఊరికే."

అక్క తలుపు దగ్గర నిలబడి, చెల్లెలు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. ఇది ఊరికే అన్నప్పుడల్లా ఏదో ఒకటి ఉంటుందని ఆమెకు తెలుసు.

* * *

చెల్లెలి ఉద్యోగం ఏమిటో ఎన్నిసార్లు చెప్పినా బావ బుర్రకెక్కదు. "అంటే మనుషులు చదవని పుస్తకాలు రాస్తావన్నమాట," అంటాడు. ఆ మాట మరీ తప్పేమీ కాదు. ఆమె కంపెనీ కోర్టు తీర్పులను వెతికిపెట్టే పరికరం ఒకటి తయారుచేసింది. దాన్ని వాడేది మనిషి కాదు, ఏఐ ఏజెంటు. ఎవరైనా అడిగిన ప్రశ్న పట్టుకుని, తన చేతికిచ్చిన పరికరాల్లో ఏది వాడాలో తనే తేల్చుకుని, వాడి, జవాబు తెచ్చి చెప్పే ప్రోగ్రాము అది. పరికరం లోపల ఏముందో, ఏం లేదో దానికి కనిపించదు. పరికరంతోపాటు ఇచ్చిన వివరణ చదువుకోవడం ఒక్కటే దానికి దారి. ఇది దేనికి పనికొస్తుంది, ఎలాంటి మాటలతో వెతకాలి, కోర్టు పేరు ఎక్కడ ఇవ్వాలి, సంవత్సరాలు ఎలా ఇవ్వాలి, ఏమీ దొరకకపోతే ఏం చెయ్యాలి, అన్నీ అందులోనే ఉండాలి. ఆ వివరణ రాసే పని చెల్లెలిది.

బుధవారం అందరికన్నా ముందు ఆఫీసుకు వచ్చి, కోటు కూడా విప్పకుండా, అక్క అడిగిన ప్రశ్నను అక్క మాటల్లోనే టైపు చేసింది. ఏజెంటు ఏం చేస్తోందో తెర మీద పక్కన ఇంకో కిటికీలో వరసగా కనిపిస్తుంది. అది మొదట "నోటిమాటగా కోరిన సెలవు" అని వెతికింది. ఏమీ రాలేదు. "సూపర్‌వైజరుకు మౌఖిక సమాచారం" అంది. రాలేదు. "పనిలో గాయం తరువాత గైర్హాజరు" అంది. సంవత్సరాల హద్దు తీసేసి చూసింది. కోర్టు పేరు తీసేసి చూసింది. పోయిన తాళంచెవి కోసం ఇల్లంతా వెతికినట్టు వెతికింది. ఆఖరికి వివరణలోని చివరి వాక్యం దగ్గరికి వచ్చి ఆగింది. "ఫలితాలు రాకపోతే, సంబంధిత తీర్పులు లేవని వినియోగదారుకు మర్యాదగా తెలియజేయాలి."

మర్యాదగా అన్న మాట ఆమె ఏరికోరి పెట్టింది. పెట్టిన రోజున తనలో తను మురిసిపోయింది కూడా. ఏజెంటు తప్పేమీ లేదు. అక్కలాగే అదీ ఆమె చెప్పింది చెప్పినట్టు నమ్మింది.

డేటా ఇంజనీరు వచ్చి ఇంకా సీట్లో కూర్చోకముందే ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. "కార్మిక ట్రిబ్యునల్ ఉత్తర్వులు మన దగ్గర ఉన్నాయా?"

"ఎక్కడివండీ? మనవన్నీ పై కోర్టుల తీర్పులే," అన్నాడాయన సంచి దింపుతూ. "ట్రిబ్యునళ్ళవి కాగితాలు స్కాను చేసిన బొమ్మలు. వెతకడానికి పనికిరావని మొదట్లోనే వదిలేశాం. మీకు చెప్పాను కదా. మీరు రాశారు కూడా."

రాసిన మాట నిజమే. మొదటి ప్రతిలో ఆ సంగతి మీద ఒక పేరా మొత్తం ఉంది. వివరణ పొడుగెక్కువైందని మేనేజరు అన్నాడు. ఏజెంటు పనిలోకి దిగిన ప్రతిసారీ దాన్నంతా మొదటి నుంచి చదువుకోవాలి, ప్రతి మాటకీ ఖర్చే. మూడోవంతు తగ్గించమని చెప్పాడు గానీ, ఏది తగ్గించాలో చెప్పలేదు. ఏది తీసినా ఏజెంటుకు పెట్టే పరీక్షలో తేడా వచ్చేది, ఆ పేరా తీస్తే మాత్రం రాలేదు. తనే కొట్టేసింది. తరువాత ఖాళీగా ఉన్న చోట ఆ మర్యాద వాక్యం అతికించింది.

మేనేజరును ఆయన లేనప్పుడు అందరూ కత్తెరగారు అంటారు. ఆయనకూ తెలుసు, తెలియనట్టు ఉంటాడు. ఆమె చెప్పిందంతా విని, పెన్ను మూత తీసి పెట్టి, పెట్టి తీసి, "మన పరీక్షల్లో ఇలాంటిది ఒక్కటీ రాలేదే?" అన్నాడు.

"ఎలా వస్తుంది సార్? పరీక్ష ప్రశ్నలు ఎక్కణ్ణుంచి తీశాం? మన దగ్గరున్న తీర్పుల్లోంచే. తీర్పు ముందు పెట్టుకుని, దానికి సరిపోయే ప్రశ్న రాశాం. లోపల ఉన్నదాన్నే అడిగితే దొరక్క ఏం చేస్తుంది? మన దగ్గర లేనిదాన్ని ఒక్కసారి కూడా అడగలేదు మనం."

కత్తెరగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బాగా పాసైందని కేకు కూడా కోశాం," అన్నాడు మెల్లిగా.

"నేను రెండు ముక్కలు తిన్నాను సార్."

ఆయనకు నవ్వు రాబోయి ఆగింది. "చూడమ్మా, ఒక్క ప్రశ్న చూపించి మార్చమంటే పైవాళ్ళు నా మాట వినరు. జనం నిజంగా అడిగేవి పట్టుకురా. రేపు సాయంత్రం కొత్త ప్రతి వెళ్తుంది. దానికి అందకపోతే మళ్ళీ వచ్చే నెలే." పెన్ను బల్ల మీద పెట్టి అడిగాడు. "ఇంతకీ ఈ ప్రశ్న ఎవరిది?"

"ఒకావిడది," అంది. మా అక్కది అనడానికి నోరు రాలేదు.

* * *

న్యాయ సహాయ కేంద్రంలో గోడ పొడుగునా ఒక బెంచీ, మూల ఒక తెర, కిటికీ పక్కన కౌంటరు ఉన్నాయి. కౌంటరు ఆవిడ వచ్చినవాళ్ళను వచ్చినట్టే తెర ముందు కూర్చోబెట్టి, ఎలా అడగాలో చూపించి, మళ్ళీ తన ఫైళ్ళలో పడుతోంది. చెల్లెలు ఆ మధ్యాహ్నమే వెళ్ళి, ఫలానా కంపెనీ నుంచి వచ్చానని చెప్పి, అడిగేవాళ్ళకు అభ్యంతరం లేకపోతే వాళ్ళ ప్రశ్నలు రాసుకుంటానంది. ఎవరూ కాదనలేదు. ఒకరిద్దరు తమ గోడు తెరకన్నా ఎక్కువగా ఆమెకే చెప్పుకున్నారు.

ఇంటి యజమాని నీళ్ళు కట్టేశాడని ఒక పెద్దాయన వచ్చాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని, తెరకు అర్థం కాదేమోనని ఒక్కొక్క మాటే విడమరిచి చెప్పాడు. నీళ్ళు కట్టెయ్యకూడదని ఎక్కడైనా ఉందా అని అడిగాడు. తెర వెతికింది. తీర్పులు ఏవీ లేవని తెలియజేయడానికి చింతించింది.

"అలాగేనమ్మా, థాంక్స్," అన్నాడాయన తెరతో. టోపీ పెట్టుకుని లేచాడు.

చెల్లెలు పెన్ను కింద పడుతున్నా చూడకుండా పరుగెత్తింది. ఆయన అప్పటికే బయటి మెట్లు దిగుతున్నాడు. "ఆగండి, ఒక్క నిమిషం! అద్దె ట్రిబ్యునల్‌లో అడిగారా?"

"అడగలేదమ్మా. లేదంది కదా."

"దానికి తెలిసినవి కొన్నేనండి. అద్దె గొడవలు అక్కడే తేలుస్తారు. అక్కడ కూడా అడగండి, మీకు పుణ్యం ఉంటుంది."

పుణ్యం ఎవరికో తెలియక ఆయన ఆమెను ఎగాదిగా చూశాడు. చూసి, ఇటు వెళ్ళబోతున్నవాడు అటు తిరిగాడు.

లోపలికి వచ్చేసరికి కౌంటరు ఆవిడ పెన్ను తీసి పట్టుకుని ఉంది. "అందరూ అంతేనండి," అంది ఆవిడ. "నేను లేదంటే నాతో పోట్లాడతారు. ఇది లేదంటే థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. అంత మర్యాదగా చెబితే ఎవరు పోట్లాడతారు చెప్పండి?" ఏదో గుర్తొచ్చి నవ్వింది. "మొన్నొకావిడ వచ్చింది, చేతికి కట్టుతో. మా చెల్లెలి ఆఫీసువాళ్ళు చేసింది ఇది అని ఎంత సంబరపడిందో! లేదని జవాబొచ్చాక చాలాసేపు అలాగే కూర్చుంది. లేచేటప్పుడు చేతిరుమాలు తీసి, తెర మీద దుమ్ము తుడిచి మరీ వెళ్ళింది."

చెల్లెలు కిటికీలోంచి బయటికి చూసింది. కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఏమైనా కావాలా అని ఆవిడ అడిగితే, తల అడ్డంగా ఊపి, వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. సాయంత్రం కేంద్రం మూసేదాకా అక్కడే ఉంది.

* * *

గురువారం పొద్దున మొదటగా చేసిన పని మర్యాదగా అన్న మాట కొట్టెయ్యడం. రెండోది, ట్రిబ్యునల్ సైటు తెరవడం. డేటా ఇంజనీరు చెప్పినట్టు అన్నీ స్కాను చేసిన బొమ్మలే, కొన్ని వంకరగా, కొన్ని తలకిందులుగా ఉన్నాయి. వెతకడానికి వీల్లేదు, ఒక్కొక్కటే తెరిచి చదవాలి. మధ్యాహ్నం అవుతుండగా ఒక వంటశాల పనావిడ కేసులో ఇచ్చిన ఉత్తర్వు దొరికింది. పైవాడికి నోటితో చెప్పి వెళ్ళింది కాబట్టి ఆమె మానేసినట్టు కాదని అందులో ఉంది. వెంటనే ఇంకొకటి దొరికింది. అందులో ఒక కాపలాదారు కూడా చెప్పే వెళ్ళాడు గానీ, విన్నవాళ్ళెవరూ లేరని కొట్టేశారు. రెండూ పక్కన పెట్టుకుంది.

తరువాత వివరణ పని పట్టింది. మొదటిసారి తిరగరాసింది చదివాక ఏజెంటుకు భయం పట్టుకుంది. లోపల ఉన్న తీర్పులు అడిగినా నోరు విప్పితే చాలు, నాకు తెలియదు, వేరేచోట అడగండి అనడం మొదలుపెట్టింది. "దీనికి కొత్తకోడలి భయం పట్టుకుంది," అన్నాడు వెనకనుంచి చూస్తున్న డేటా ఇంజనీరు. ఆయన తన పని వదిలేసి వచ్చి, అద్దె గొడవలు, స్కూలు గొడవలు, జీతం గొడవలు ఏవేవి తమ దగ్గర లేవో ఒక్కొక్కటే చెబుతూ కూర్చున్నాడు. ఆమె చెరిపింది, రాసింది, నడిపించి చూసింది, మళ్ళీ చెరిపింది. కేంద్రంలో రాసుకున్న ప్రశ్నలు ఒకదాని తరువాత ఒకటి వేసింది. టీ చల్లారిపోయింది. ఆఖరికి ఆ చోట మిగిలింది ఇది.

"ఇందులో పై కోర్టుల తీర్పులు మాత్రమే ఉన్నాయి. కార్మిక, అద్దె, విద్యా ట్రిబ్యునళ్ళ ఉత్తర్వులు లేవు. ఏమీ దొరకకపోతే ఇక్కడ దొరకలేదని మాత్రమే చెప్పాలి. చట్టంలో లేదని చెప్పకూడదు. ఎక్కడ అడగాలో చెప్పాలి. గడువు ఉంటే ఆ మాట ముందు చెప్పాలి."

అక్క ప్రశ్న అన్నిటికన్నా చివర వేసింది. ఏజెంటు మునుపటిలాగే వెతికింది. మునుపటిలాగే ఖాళీ చేతులతో వచ్చింది. ఈసారి దాని జవాబు ఇలా వచ్చింది. "అర్జీకి గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. నేను వెతికిన చోట మీ ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఇలాంటివి కార్మిక ట్రిబ్యునల్ తేలుస్తుంది, ఆ ఉత్తర్వులు నా దగ్గర లేవు. అక్కడికి వెళ్ళి అడగండి."

చెల్లెలు ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చదువుకుంది. అందులో చింతించడం ఎక్కడా లేదు.

కత్తెరగారు కొత్త వివరణను మొదటి నుంచి చివరిదాకా చదివాడు. ఆయన పెన్ను ఆ కొత్త పేరా మీద ఆగింది. "పొడుగైంది," అన్నాడు. "ఏదో ఒకటి తీసెయ్యాలి." పెన్ను పైకి జరిగి మొదటి వాక్యం దగ్గర నిలబడింది. సమస్త న్యాయ సమాచారాన్నీ అందించే సమగ్రమైన, అత్యాధునిక సాధనం అని ఉందక్కడ. అది ఆయన స్వయంగా రాసుకున్న వాక్యం, దాని జోలికి ఎవరూ వెళ్ళరు. ఆయనే దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు అడ్డంగా కొట్టేశాడు.

"ఇప్పుడు సరిపోయింది. పంపించెయ్," అన్నాడు. ఆమె తలుపు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచాడు. "ఆ ఒకావిడకి చెప్పావా?"

"రేపు చెబుతాను సార్."

"చెప్పు. మీ అక్కే కదూ?"

ఆమె తెల్లమొహం వేసింది. "ఒకావిడ అన్నప్పుడే తెలిసిందిలే," అని ఆయన వేరే కాగితాల్లో తల దూర్చాడు.

* * *

శుక్రవారం ఆమె వెళ్ళేసరికి అక్క బయటికి వెళ్ళే బట్టలు కట్టుకుని బల్ల దగ్గర కూర్చుని ఉంది. బల్ల మీద కంపెనీ కాగితం, దాని పక్కన బావ పెన్ను ఉన్నాయి. అక్క ఎడమచేత్తో సంతకం పెట్టడం ముందే ప్రయత్నించి చూసినట్టుంది, పాత పేపరు అంచు మీద వంకరటింకర గీతలు ఉన్నాయి. ఆ గీతలు చూడగానే చెల్లెలు దారిపొడుగునా చిలక్కి నేర్పినట్టు నేర్చుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి.

"అక్కా, మొన్న ఆ తెర లేదని చెప్పింది చూడు," అంది నిలబడే. "అది చెప్పింది నేనే."

"అంటే?"

"ఏమీ దొరకకపోతే లేదని చెప్పమని దానికి రాసిచ్చింది నేను. మా దగ్గర కొన్ని తీర్పులే ఉన్నాయి, అన్నీ లేవు. నీలాంటివాళ్ళ సంగతులు ట్రిబ్యునల్‌లో ఉంటాయి, అవి మా దగ్గర లేవు. ఆ సంగతి నాకు తెలుసు. ముందు రాశాను కూడా. తరువాత పొడుగైందని కొట్టేశాను." బల్ల మీది పెన్ను తీసి దూరంగా పెట్టింది. "అది బాగానే వెతికిందక్కా. నేనే దానికి తప్పు చెప్పాను."

బావ తలుపు దగ్గర తాళంచెవుల గుత్తి పట్టుకుని అలాగే ఆగిపోయాడు. అక్క కాగితం వైపు చూసింది, చెల్లెలి వైపు చూసింది.

"ఆగాగు. అయితే చట్టంలో లేదని కాదా?"

"కాదు. ట్రిబ్యునల్ ఉత్తర్వులు వెతికాను. నోటితో చెప్పినా చెల్లుతుందని ఒకటి ఉంది. చెల్లదని కూడా ఒకటి ఉంది, అతను చెబుతుంటే విన్నవాళ్ళెవరూ లేరట. గెలుస్తావని చెప్పలేను."

"నేను చెబుతుంటే మడతబల్ల దగ్గర ఇద్దరున్నారు," అంది అక్క తనలో తను అనుకుంటున్నట్టు. మళ్ళీ తలెత్తింది. "అంటే లేదన్నది చట్టం కాదు. నువ్వు."

"నేనే."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె మొహంలో ఏం కనిపిస్తుందోనని చెల్లెలు మూడు రోజులుగా భయపడుతూనే ఉంది. కోపం వస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది. ఇకమీదట తన మాట నమ్మదేమో అన్నది అన్నిటికన్నా పెద్ద భయం. అక్క నోటికి కట్టుచెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి. నవ్వుతోంది.

"నువ్వా! హమ్మయ్య. చట్టమే అందనుకుని తిండి సహించక చచ్చాను కదే! నువ్వు లేదంటే నేనెప్పుడు విన్నాను? చిన్నప్పుడు అలమరలో బిస్కెట్లు లేవన్నావు, విన్నానా? ఈ పెళ్ళికొడుకు బాగాలేడన్నావు, విన్నానా?"

"అమ్మ మరదలా!" అన్నాడు బావ.

చెల్లెలు ఏడుస్తూనే నవ్వింది. అక్క లేచి, ఆమె గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి, మంచి చేతి వెనకభాగంతో కళ్ళు తుడిచింది.

"కోపం రాలేదనుకోకు. వచ్చింది. లైన్లో నిలబడి తీరిగ్గా తిడతాను, పద."

మెట్ల మీద చప్పుడైంది. కంపెనీ మనిషి సంచి చంకన పెట్టుకుని వచ్చాడు. అక్క కాగితం తీసుకుని, అలవాటు కొద్దీ మూలలు కలిపి చక్కగా మడతపెట్టి, ఆయన చేతిలో పెట్టింది.

"సంతకం పెట్టడం లేదని తెలియజేయడానికి చింతిస్తున్నాము," అంది.

ఆయన కాగితం సంచిలో పెట్టుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. అంత మర్యాదగా చెబితే ఎవరు పోట్లాడతారు?

ట్రిబ్యునల్ ఆఫీసు ముందు లైను గేటు దాటి రోడ్డు మీదికి వచ్చింది. అక్క మాట నిలబెట్టుకుంది, సగం లైను దాకా తిట్టింది. దుప్పటి మూలల దగ్గర మొదలుపెట్టి, వివరణలో కొట్టేసిన పేరా దాకా ఒక్కటీ వదల్లేదు. చెల్లెలు అన్నిటికీ తల ఊపింది. తిట్లు అయిపోయాక అక్క తన సంచిలోంచి రొట్టెముక్క తీసి, తుంచి, పెద్దది చెల్లెలికిచ్చింది.

వాళ్ళ వెనక ఒక పడుచావిడ నిలబడి ఉంది. హోటల్లో పనిచేసే బట్టల్లోనే వచ్చేసింది. "ఇది అర్జీల లైనేనాండీ?" అని అడిగింది. "పొద్దున న్యాయ సహాయ కేంద్రానికి వెళ్ళాను. అక్కడ తెర ఉంది కదా, దాన్ని అడిగితే, నా దగ్గర లేదు, గడువు దాటకముందే ఇక్కడికి వెళ్ళి అడగండి అంది. పనిలోంచి అలాగే వచ్చేశాను. నిజంగా ఇక్కడ చూస్తారంటారా?"

అక్క రొట్టె నమలడం ఆపి చెల్లెలి వైపు చూసింది. చూసి, కట్టుచేత్తో ఆమె జబ్బ పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"చూస్తారు, నిలబడు," అంది ఆ పడుచావిడతో. "ఆ తెర మాట ఎలా చెప్పాలో రాసింది మా చెల్లెలే. మొన్న తప్పు రాసింది. నిన్న దిద్దింది."

రెండు మాటలూ ఒకే గర్వంతో అంది. లైను ముందుకు కదిలింది.